సవ్యం ఏ చేతిది?

గుడిలో పూజారి ప్రసాదం పెడుతుండగా నాలుగేళ్ల పాప ఎడమ చెయ్యి చాపుతుంది. వెనక నిలబడిన తల్లి ఆ చేతిని చటుక్కున కిందికి లాగి, ‘ఆ చెయ్యి కాదమ్మా, మంచి చెయ్యి పట్టు’ అంటుంది. తనకున్న రెండు చేతుల్లో ఒకటి మంచిది కాదని, అది సరిగ్గా తనకు బాగా పనిచేసే చెయ్యేనని పాప ఆ క్షణంలో నేర్చుకుంటుంది. ప్రపంచంలో ఇంచుమించు పదిమందికొకరిది ఎడమచేతి వాటమని అందరికీ తెలుసు. అయినా పుర్రచేతిని మాన్పించే పని మన ఇళ్లలో ఇంకా ఆగలేదు.

దీనికి బలం మన మాటల్లోంచే వస్తోంది. నమ్మకస్తుడు కుడిభుజం, వచ్చిన అవకాశాన్ని కాదంటే దాన్ని ఎడమకాలితో తన్నినట్టు, కొత్తకోడలు గడపలో పెట్టవలసింది కుడికాలు. దూరంగా జరగమనడానికి ‘ఎడంగా ఉండు’ అంటాం, ఆ చేతినీ ‘ఎడం చెయ్యి’ అనే అంటాం. రోజూ ఈ మాటల మధ్య పెరిగే బిడ్డకు వేరే పాఠం అక్కరలేదు.

అయితే ఇదే భాష తన కడుపులో ఎదురు సాక్ష్యాన్ని దాచుకుంది. ‘సవ్యం’ అనే మాటకు సంస్కృతంలో ఎడమ అని అర్థం. ఎడమచేత్తోనూ గాండీవాన్ని లాగగలిగినందుకే అర్జునుడు సవ్యసాచి. జంధ్యం ఎడమ భుజం మీద ఉంటే సవ్యం, పితృకార్యాలలో కుడి భుజం మీదికి మారిస్తే అపసవ్యం. శుభకార్యానికి తగిన ఆ ఎడమ భుజపు తీరే మన నోట ‘సరైనది’ అయిందని నా నమ్మకం. పని సవ్యంగా జరిగిందని చెప్పిన ప్రతిసారీ మనం ఎడమకే గౌరవం ఇస్తున్నాం. ‘వామ’ అన్న మాటకు ప్రతికూలమని అర్థం ఉన్నట్టే అందమైనదనీ ఉంది. వామలోచన అంటే సొగసైన కన్నులున్నది. కాడికి కట్టిన జతలో దాపటెద్దు ఎడమవైపుది, వలపటెద్దు కుడివైపుది; దాపటిది తక్కువదని ఏ రైతూ అనడు.

శుభ్రత కోసమే పెద్దలు ఈ కట్టుబాటు పెట్టారని కొందరంటారు. శౌచానికి ఒక చెయ్యి, భోజనానికి ఒక చెయ్యి ఉండాలనడం సమంజసమే. కానీ ఎడమచేతి వాటమున్నవారు చేతులను తారుమారు చేసుకున్నా ఆ శుభ్రత చెడదు.

అసలు భయం మైల గురించి, అంతస్తు గురించి. దక్షిణాదిలో శతాబ్దాలపాటు మొత్తం కులాలనే కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలుగా విడదీశారు. 1652లో చెన్నపట్నంలో ఆ రెండు పక్షాలూ కలబడ్డాయి. 1707లో పెళ్లి ఊరేగింపు ఏ వీధిలో సాగాలన్న తగువు మళ్లీ రగిలి, ఎవరి వీధులు వారికి వేరుచేసేదాకా వెళ్లింది. ఆ కులాలలో పుట్టినవారి చేతివాటానికీ ఆ పేరుకీ ఏ సంబంధమూ లేదు. మనుషులను పైకీ కిందికీ పేర్చదలచిన సమాజానికి శరీరంలోని రెండు పక్కలు తేలికైన కొలతగా దొరికాయి. కులాన్ని ప్రశ్నించే ఇళ్లలో కూడా పళ్లెం దగ్గర ఆ కొలతే చెల్లుతుండడం నన్ను బాధిస్తుంది.

అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో పరిచిన బియ్యం మీద ఓనమాలు దిద్దించేటప్పుడు తండ్రి ముందుగా బిడ్డ కుడి మణికట్టు పట్టుకుంటాడు. ఆ పట్టు వదిలి, బిడ్డ ఏ చేత్తో బియ్యాన్ని అందుకుంటుందో ఒక్క నిమిషం చూడమని, ఆ చేత్తోనే దిద్దించమని తల్లిదండ్రులను కోరుతున్నాను.