ఆవు ఈనేటప్పుడు ఫోన్ ఎవరిది మోగాలి?

చూడి ఆవు తోకకు సెన్సర్, మెడకు బెల్టు, కొట్టంలో కెమెరా. బెంగళూరు స్టార్టప్ జనం పాడి గురించి మాట్లాడితే ఇప్పుడు ఇవే ముచ్చట్లు. ఐర్లండ్‌ వాళ్ల మూకాల్ అనే సెన్సర్ తోక కదలికలను బట్టి ఈనడానికి సుమారు గంట ముందు మెసేజ్ పంపుతుంది. మెడ బెల్టులు ఈనే ముందు నెమరు తగ్గడాన్ని పసిగడతాయి. పశువుల కదలికలను లెక్కపెట్టే పరికరాలు కూడా చేసే స్టెల్లాప్స్ కంపెనీ 2011లోనే ఈ ఊళ్లో మొదలైంది. తెలిసిన సంగతులే కాబట్టి సాగదీయను. నా పేచీ పరికరంతో కాదు, అది మోగించే ఫోన్‌తో.

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ పీజీల్లో ఉండే మన కుర్రాళ్లలో చాలామంది ఇళ్లలో పాడి ఉంది. ముల్బాగల్, బాగేపల్లి, పుంగనూరు, మదనపల్లె. అమ్మానాన్నలకు ఇలాంటిది ఎవరు కొనిపెడతారు? కొడుకే. యాప్ ఎవరి ఫోన్‌లో ఉంటుంది? ఓటీపీ వచ్చేది అతనికే కాబట్టి అతని ఫోన్‌లోనే. ఆవు పుంగనూరు పక్కన, అలర్ట్ మారతహళ్లిలో. రాత్రి రెండింటికి ఇతను ఉలిక్కిపడి లేచి ఇంటికి ఫోన్ కొట్టాలి, ఎవరో ఒకరు ఎత్తేదాకా టెన్షన్ పడాలి.

ఆ ఇంట్లో ఆవు సంగతి తెలిసిన మనిషి వేరే ఉంది, అమ్మ. సాయంత్రం మేత వేస్తూ ఆవు తోక మొదట్లో రెండు పక్కలా ఆమె వేళ్లతో నొక్కి చూస్తుంది. మొన్నటిదాకా గట్టిగా తగిలినచోట ఇవాళ మెత్తబడి గుంటలు పడ్డాయంటే రోజులు దగ్గరపడ్డట్టే. పొదుగు నిండి చన్నులు బిగిశాయా, జిగురు తీగలు సాగుతున్నాయా అన్నదీ చూసుకుంటుంది. ఆమెకు తెలియనిది ఏ గంటకు ఈనుతుందన్నది ఒక్కటే. ఆవుకు చూలు సుమారు 280 రోజులు, గేదెకు 310, అందులోనూ వారం అటూ ఇటూ. ఆ వారమంతా ఆమెకు నిద్ర ఉండదు. హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ జాతి) సంకరంతో తొలిచూలు పెయ్యకు దూడ పెద్దదై అడ్డం తిరిగితే, కాళ్లు కనబడి కూడా దూడ బయటికి రాకపోతే, ప్రతి నిమిషమూ లెక్కే. సెన్సర్ నిజంగా పనికొచ్చేది అక్కడ.

రెండావుల రైతుకు ఈ ఖర్చు కిట్టదని అంటారు. ఇంటికొకటి కొంటే నిజమే. కానీ తోక పరికరంతో ఒక ఆవుకు ఏడాదిలో పనిబడేది ఒక్క వారం. పాల సొసైటీలో ఫ్యాట్ చూసే మిషన్ ఎవరైనా ఇంటికొకటి కొనుక్కున్నారా? నాలుగు సెన్సర్లు సొసైటీ దగ్గరుంటే ఊరంతా వంతులవారీగా వాడుకోవచ్చు. పశువైద్యం కోసం 1962 నంబరు ఉండనే ఉంది. అలర్ట్ అక్కడికి కూడా వెళ్లాలి, రాత్రిపూట వచ్చే డాక్టరూ ఉండాలి. పగటిపూట మాత్రమే తెరిచే ఆసుపత్రికి అర్ధరాత్రి మెసేజ్ వెళ్లి ఏం లాభం?

అసలు ఇదంతా సెన్సర్‌తో మొదలైన జబ్బు కాదు. పేడ తీసేది, మేత కోసేది, దూడకు జున్నుపాలు తాగించేది ఆడవాళ్లు. సొసైటీ పుస్తకంలో, బ్యాంకు ఖాతాలో, లోను కాగితంలో పేరు మాత్రం మగాయనది. ఇప్పుడు యాప్‌లోనూ అదే తంతు. ఆమె చేతిలో ఉన్నది బటన్ల ఫోనని సాకు చెబుతారు. బటన్ల ఫోను మోగదా? తెలుగులోనో కన్నడలోనో ‘మీ ఆవు ఈనబోతోంది’ అని ఒక వాయిస్ కాల్ రావడానికి స్మార్ట్‌ఫోన్ ఎందుకు?

మహిళలే సభ్యులుగా నడిచే పాల సంస్థలు మనకు కొత్త కాదు. తిరుపతిలో శ్రీజ 2014లోనే మొదలైంది. పరికరం పరీక్షించాలనుకునే కంపెనీ అలాంటిచోట మొదలుపెట్టాలి, బెంగళూరు శివార్లలో సాఫ్ట్‌వేర్ డబ్బుతో పెట్టిన ఫారాల్లో కాదు. రిజిస్ట్రేషన్ ఫారంలో మొదటి గడికి ‘రైతు మొబైల్ నంబరు’ అన్న మాట తీసేసి, ‘రాత్రి పశువు దగ్గర ఉండేవారి నంబరు’ అని రాయాలి. కొడుకు నంబరు కావాలంటే రెండో గడిలో వేసుకోవచ్చు.