సొంత వెబ్‌సైట్‌కి సాదా హెచ్‌టీఎంఎల్ చాలు

సొంతంగా వెబ్‌సైట్ పెట్టుకుందామని కూర్చున్న వాళ్లకి మొదట్లోనే ఈ ప్రశ్న ఎదురవుతుంది. పేజీ తెరవగానే అక్షరాలు ఎగురుకుంటూ వచ్చి నిలబడాలా, ఫొటోలు వాటంతటవే పక్కకి జరుగుతుండాలా, లేక ఒక శీర్షిక, కొన్ని పేరాలు, నాలుగు లింకులతో సరిపెట్టుకోవాలా? చాలామంది మనసు మొదటి దానివైపే లాగుతుంది. టెంప్లేట్లు అమ్మేవాళ్లు చూపించే నమూనాలన్నీ అలాగే కదులుతుంటాయి మరి. నేను మాత్రం సాదా హెచ్‌టీఎంఎల్ వైపే, అంటే రాతకి ట్యాగులనే చిన్న గుర్తులు పెట్టి పేజీ కట్టే పద్ధతి వైపే, గట్టిగా నిలబడతాను. మీరు ఈరోజు కట్టిన పేజీలో ఏదో ఒక భాగం ఎప్పుడో ఒకప్పుడు పనిచేయడం ఆగిపోతుంది. ఆ రోజున మీరు రాసింది మిగులుతుందా, దాంతోపాటే పోతుందా అన్నది చూసుకుని ఎంచుకోవాలి.

వెబ్ పేజీల్లో యానిమేషన్లు, గేములు ఆడించడానికి బ్రౌజర్‌కి విడిగా తగిలించుకునే ప్లగిన్ ఒకటుండేది, దాని పేరు ఫ్లాష్. 1996 చివర్లో మాక్రోమీడియా చేతికి వచ్చింది, 2005లో మాక్రోమీడియాతో పాటు అడోబ్ సొంతమైంది. ఐఫోన్‌లో దాన్ని ఎందుకు రానివ్వడం లేదో వివరిస్తూ 2010లో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాశాడు. 2020 డిసెంబర్ 31తో అడోబ్ సపోర్ట్ ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయరే ఫ్లాష్ ఫైళ్లను అడ్డుకోవడం మొదలుపెట్టింది. ఇదేదో ఒక్క కంపెనీ దురదృష్టం అనుకుంటే పొరపాటే. అలాంటివే అయిన జావా ఆప్లెట్లదీ అదే గతి. షాక్‌వేవ్ అనే మరో ప్లగిన్ 2019లో ఆగింది. మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థ 2007లో తెచ్చిన సిల్వర్‌లైట్‌కి 2021 అక్టోబర్‌లో సపోర్ట్ ముగిసింది. పాత ప్లగిన్లు వచ్చే దారినే క్రోమ్ 2015లో మూసేసింది. వీటన్నిటి వెనుకా డబ్బుంది, ఇంజనీర్లున్నారు, మార్కెట్ ఉంది. అయినా ఒక్కటీ నిలవలేదు.

హెచ్‌టీఎంఎల్ కథ వేరు. 1991లో సెర్న్ అనే యూరప్ పరిశోధన సంస్థలో, వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన మొదటి వెబ్‌సైట్‌ని 2013లో సెర్న్ వాళ్లు పాత అడ్రస్‌లోనే మళ్లీ నిలబెట్టారు. ఆ పేజీల్ని ఇవాళ ఫోన్‌లో తెరిచినా చక్కగా చదువుకోవచ్చు. దాన్ని రాసినప్పుడు స్మార్ట్‌ఫోన్ అనే వస్తువే లేదు.

ఇది ఎలా సాధ్యమైంది? నన్ను అన్నిటికన్నా కదిలించే విషయం ఇదే. హెచ్‌టీఎంఎల్‌లో మొదటి నుంచీ ఒక నియమం ఉంది. బ్రౌజర్‌కి ఏదైనా ట్యాగ్ అర్థం కాకపోతే, ఆ ట్యాగ్‌ని పట్టించుకోకుండా లోపలున్న అక్షరాల్ని మామూలుగా చూపించేస్తుంది. బ్లింక్ ట్యాగ్‌నే తీసుకోండి. ఒకప్పుడు నెట్‌స్కేప్ అనే బ్రౌజర్‌లో అక్షరాల్ని మినుకుమినుకుమనిపించేది. 2013లో ఫైర్‌ఫాక్స్ కూడా దాన్ని తీసేసింది. బ్లింక్ వాడిన పాత పేజీలు ఏమయ్యాయి? ఏమీ కాలేదు. మినుకు ఆగింది, మాట మిగిలింది. రంగులు, అమరిక చెప్పే స్టైల్‌షీట్ లోడ్ కాకపోతే పేజీ అందం తగ్గుతుంది, కానీ చదవడానికి వస్తుంది. ఫొటో రాకపోతే ఆల్ట్ టెక్స్ట్‌లో రాసుకున్న వాక్యం కనిపిస్తుంది. ఒక్కో పొరా ఊడుతున్నా చివరికి రాత నిలుస్తుంది.

ప్లగిన్‌లో ఇదంతా తలకిందులు. మొత్తం ఫ్లాష్‌లో కట్టిన సైట్‌లో మీ పేరు, మీ పరిచయం, మీరు రాసిన వ్యాసం అన్నీ ఒక బైనరీ ఫైల్ లోపల ఉండేవి. ఆ ఫైల్‌ని తెరిచే ప్లేయర్ లేకపోతే తెర మీద ఒక ఖాళీ చతురస్రం తప్ప ఏమీ కనిపించదు. ప్లేయర్ బతికున్న రోజుల్లో కూడా చాలా సైట్లలో బ్యాక్ బటన్ నొక్కితే బయటికి వచ్చేసేవాళ్లం, ఒక్కో భాగానికి విడిగా అడ్రస్ ఉండేది కాదు, అక్షరాల్ని కాపీ చేసుకోవడానికి వచ్చేది కాదు. చదవడానికి వచ్చిన మనిషి ముందు లోడింగ్ గీత నిండేదాకా ఎదురుచూడాలి, ఆపైన ఇంట్రో చూడాలి, లేదా స్కిప్ అనే మాట ఏ మూలనుందో వెతుక్కోవాలి.

ఫ్లాష్ పోయింది కదా, ఇంకా ఎందుకీ గోల అనొచ్చు. ఫ్లాష్ పోయింది గానీ ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు దాని పేరు స్లైడర్ ప్లగిన్, పేజ్ బిల్డర్, స్క్రోల్ యానిమేషన్ లైబ్రరీ. సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్‌లో, పేజీని అమర్చిపెట్టే కొన్ని పేజ్ బిల్డర్లని డీయాక్టివేట్ చేసి చూడండి. మీ పేరాల మధ్య స్క్వేర్ బ్రాకెట్లలో షార్ట్‌కోడ్ ముక్కలు, అంటే ఆ ప్లగిన్‌కి మాత్రమే అర్థమయ్యే ఆదేశాలు, చెల్లాచెదురుగా తేలతాయి. మీరు రాసిన రాతలోకే ఆ ప్లగిన్ చొరబడి కూర్చుందన్నమాట. ఇక స్క్రోల్ చేస్తేనే పైకి తేలేలా అక్షరాల్ని ముందే కనబడకుండా దాచిపెట్టే పేజీలున్నాయి. స్క్రిప్ట్ ఒక్కటి లోడ్ కాకపోతే ఆ అక్షరాలు ఎప్పటికీ బయటికి రావు. అంతా హెచ్‌టీఎంఎల్‌లోనే ఉన్నా చదివేవాళ్లకి తెల్ల కాగితమే దక్కుతుంది.

భద్రత సంగతి కూడా చూడాలి. 2014లో స్లైడర్ రివల్యూషన్ అనే స్లైడర్ ప్లగిన్‌లోని లోపం ద్వారా సోక్‌సోక్ అనే మాల్వేర్ వర్డ్‌ప్రెస్ సైట్లలోకి దూరింది. గూగుల్ 11 వేలకు పైగా డొమైన్లను బ్లాక్‌లిస్ట్‌లో పెట్టింది. ఆ ప్లగిన్ చాలా థీముల్లో కలిసి వచ్చేది కాబట్టి, అది తమ సైట్‌లో ఉందన్న సంగతి కూడా తెలియని యజమానులు ఎందరో. లోపాన్ని సరిచేసిన కొత్త వెర్షన్ నెలల ముందే వచ్చినా వాళ్ల దాకా చేరలేదు. సొంత సైట్ చూసుకునే మనిషికి సాధారణంగా వేరే ఉద్యోగం, వేరే బాధ్యతలు ఉంటాయి. అప్‌డేట్ల వెంట పరుగెత్తే టెన్షన్ అతనికెందుకు? సర్వర్ మీద ఊరికే కూర్చున్న హెచ్‌టీఎంఎల్ ఫైల్‌కి ప్యాచ్ వేయాల్సిన పనే ఉండదు.

కదలిక కొందరికి అక్షరాలా తల తిప్పుతుంది. అందుకే కదలిక తగ్గించమని చెప్పే సెట్టింగ్ ఫోన్లలో, కంప్యూటర్లలో ఉంది. 5 సెకన్లకు మించి దానంతటదే కదిలేది పక్కన మిగతా రాతతో పాటు కనిపిస్తుంటే, దాన్ని ఆపే వీలు ఉండాలని, వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని రూపొందించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు చెబుతున్నాయి. మార్కెట్లో దొరికే స్లైడర్లలో ఎన్ని దీన్ని పాటిస్తున్నాయో ఒకసారి గమనించండి.

అవతలి వాదనలోనూ బలం ఉంది. ఫ్లాష్ ఒక తరం యానిమేటర్లని, గేమ్ రూపకర్తలని తయారుచేసింది. వాళ్ల పనికి కదలికే ప్రాణం. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబర్ నుంచి ఫ్లాష్ ప్లేయర్‌ని అనుకరించే రఫుల్ అనే ఎమ్యులేటర్‌తో ఆ పాత పనుల్ని మళ్లీ ఆడిస్తోంది, అది గొప్ప సేవ. కాకపోతే అలా బతికి బయటపడేది ఎవరో ఒకరు ఇష్టపడి దాచిపెట్టుకున్న ఫైల్ మాత్రమే. మీ హోమ్ పేజీ ఇంట్రోని ఎవరు దాచిపెడతారు? యానిమేషనే మీ వృత్తి అయితే వీడియో ట్యాగ్ ఉంది, బొమ్మలు గీసే ఎస్‌వీజీ ఉంది, స్టైల్‌షీట్‌తోనే కదిలించే సీఎస్ఎస్ యానిమేషన్ ఉంది. ఇవి ఎవరో ఒకరి ఆస్తి కావు, పనిచేయకపోయినా చుట్టూ ఉన్న రాతని మింగేయవు.

అసలు సొంత వెబ్‌సైట్ ఎందుకు? జియోసిటీస్ అనే సైట్‌లో లక్షలమంది పేజీలు కట్టుకున్నారు, 2009లో యాహూ దాన్ని మూసేసింది. సోషల్ మీడియా సైట్ మైస్పేస్‌లో 2015 దాకా ఎక్కించిన పాటలు, ఫొటోలు, వీడియోలు సర్వర్ మార్పిడిలో పోయాయని 2019లో బయటపడింది. అదే ఏడాది ఏప్రిల్‌లో గూగుల్ ప్లస్ మూతపడింది. మనం రాసుకున్నవీ పంచుకున్నవీ ఎన్నాళ్లుండాలో ఎవరో కంపెనీ మీటింగ్‌లో తేల్చేస్తున్న కాలం ఇది. ఆ పెత్తనం నుంచి బయటపడదామనే కదా డొమైన్, అంటే సొంత వెబ్ అడ్రస్, కొనుక్కునేది! అంత కష్టపడి బయటికొచ్చి, మళ్లీ రాతనంతా ఒక ప్లగిన్ తయారీదారు చేతిలో పెడితే ఏం లాభం? వాడు కంపెనీ అమ్ముకున్నా, లైసెన్స్ రుసుము పెంచినా, విసుగొచ్చి వదిలేసినా మన పేజీలు మళ్లీ గాల్లో వేలాడతాయి. సాదా హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు అయితే ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, సాయంత్రానికల్లా మరో హోస్టింగ్‌లో పెట్టేయొచ్చు. హోస్టింగే లేకపోయినా ఆ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది.

ఇప్పటికే సైట్ ఉన్నవాళ్లు బ్రౌజర్ సెట్టింగ్స్‌లో జావాస్క్రిప్ట్ (పేజీలోని స్క్రిప్టులు నడిచే భాష) ఆఫ్ చేసి, తమ పేజీని ఒకసారి తెరిచి చూడాలి. పేరు, రాసిన వ్యాసాలు, సంప్రదించే వివరాలు కనిపిస్తే ఆ పైన ఎంత కదలిక పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. కనిపించకపోతే మాత్రం కొత్త థీమ్ వెతకడం ఆపి, ముందు ఆ వ్యాసాలన్నిటినీ సాదా ఫైళ్లలోకి దించుకోండి. ఆ ప్లగిన్ ఇంకా పనిచేస్తుండగానే ఆ పని చేసుకోవాలి.