"నెట్ లేకపోతే క్రోమ్‌బుక్ ఉత్త డబ్బా" అన్న మెసేజ్‌లో ఎంత నిజం ఉంది?

ఈ మధ్య ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. క్రోమ్‌బుక్ అంటే విండోస్ బదులు గూగుల్ వాళ్ళ క్రోమ్ ఓఎస్ అనే సిస్టమ్ మీద నడిచే ల్యాప్‌టాప్. మెసేజ్‌లో ఉన్నది క్లుప్తంగా ఇది: "క్రోమ్‌బుక్ ల్యాప్‌టాపే కాదు, బ్రౌజర్ పెట్టిన బొమ్మ. నెట్ లేకపోతే ఉత్త డబ్బా. వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళు తెరుచుకోవు. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్‌తో ఏ పనీ అవ్వదు. రెండేళ్ళకి అప్‌డేట్లు ఆగిపోతాయి. మీ డేటా అంతా గూగుల్‌కి పోతుంది. అదే డబ్బుకి సెకండ్ హ్యాండ్ ఐ5 విండోస్ ల్యాప్‌టాప్ కొనుక్కోండి."

నాకు ఇది నాలుగు చోట్ల నుంచి వచ్చింది, పంపినవాళ్ళలో ఇద్దరు నిజంగానే ఇప్పుడు ల్యాప్‌టాప్ కొనబోతున్నారు, అందుకే కూర్చుని ఒక్కో మాటా పట్టుకుని రాస్తున్నా. నేను చిన్న క్రోమ్‌బుక్ ఒకటి నాలుగేళ్ళుగా వాడుతున్నా, ఇంట్లో విండోస్ మెషీన్ కూడా ఉంది. మెసేజ్‌లో కొన్ని మాటలు ఒకప్పుడు నిజం, కొన్ని ఎప్పుడూ నిజం కాదు, ఒకటి మాత్రం సగం నిజం. కొనేవాళ్ళు నిజంగా భయపడాల్సిన విషయం మాత్రం అందులో సరిగ్గా లేనే లేదు.

"నెట్ లేకపోతే ఉత్త డబ్బా" అన్నది ఎక్కడ పుట్టిందో చెప్తా. మొదటి క్రోమ్‌బుక్‌లు 2011 జూన్‌లో ఏసర్, శాంసంగ్ నుంచి అమ్మకానికి వచ్చాయి, అప్పుడు దాంట్లో బ్రౌజర్ తప్ప పెద్దగా ఏం లేదు కాబట్టి ఆ రోజుల్లో ఈ మాట అన్నవాళ్ళని తప్పుపట్టలేం. ఆ తర్వాత గూగుల్ డాక్స్, షీట్స్ ఆఫ్‌లైన్‌లో ఎడిట్ చేస్కునే వీలు వచ్చింది, జీమెయిల్‌కి ఆఫ్‌లైన్ వచ్చింది, 2016లో ప్లే స్టోర్ వస్తుందని ప్రకటించారు, అంటే ఫోన్లో నెట్ లేకుండా నడిచే యాప్ చాలావరకు దీంట్లో కూడా నడుస్తుంది. పెన్ డ్రైవ్ పెడితే ఫైల్స్ యాప్‌లో తెరుచుకుంటుంది, పీడీఎఫ్ చదివి దానిమీద గీతలు గీసుకోవచ్చు, డౌన్‌లోడ్ చేసిన వీడియోలు చూడొచ్చు, ఫోటోలు కత్తిరించుకోవచ్చు, వీటిలో దేనికీ నెట్ అక్కర్లేదు. ఒకసారి మీ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే తర్వాత నెట్ లేకపోయినా పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళొచ్చు. నెట్ తప్పనిసరిగా కావాల్సింది కొత్త మెషీన్ మొదటిసారి సెటప్ చేసేటప్పుడు.

అయితే ఒక మెలిక ఉంది. ఆఫ్‌లైన్ అనేది ముందే, నెట్ ఉన్నప్పుడే ఆన్ చేసి పెట్టుకోవాలి, గూగుల్ డ్రైవ్‌లో ఉన్న ఫైల్ మీద "ఆఫ్‌లైన్‌లో అందుబాటులో ఉంచు" అని పెట్టుకోవాలి. నేను మొదట్లో ఇది తెలీక ఒక ప్రయాణంలో పది పేజీల డాక్యుమెంట్ పూర్తి చేద్దామని తెరిస్తే అది తెరుచుకోలేదు, ఆ రోజు నేను కూడా ఇదే మెసేజ్ రాసేవాణ్ణేమో. ఆ స్విచ్ వేసిన తర్వాత నాలుగేళ్ళలో మళ్ళీ ఆ బాధ రాలేదు. ఇంకో మాట, మీరు విండోస్ ల్యాప్‌టాప్‌లో రోజంతా ఏం చేస్తున్నారో ఒక్కసారి చూస్కోండి: మెయిల్, వీడియో కాల్, బ్యాంకు సైటు, ఫారాలు నింపడం, పాఠాలు వినడం. నెట్ పోతే అక్కడా ఇవన్నీ ఆగిపోతాయి కదా.

"వర్డ్, ఎక్సెల్ తెరుచుకోవు." తెరుచుకుంటాయి. వర్డ్ ఫైల్‌ని డాక్స్‌లో పెట్టి అదే ఫార్మాట్‌లో ఎడిట్ చేసి సేవ్ చేస్కోవచ్చు, మైక్రోసాఫ్ట్ వాళ్ళ వర్డ్, ఎక్సెల్ బ్రౌజర్ వెర్షన్లు కూడా మామూలు వాడకానికి ఉచితంగానే నడుస్తాయి. కాకపోతే ఎక్సెల్‌లో మ్యాక్రోలు (పనిని దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాములు) రాసుకుని ఆఫీసు పని నడిపేవాళ్ళకి ఇది పనికిరాదు, బ్రౌజర్ ఎక్సెల్ ఆ మ్యాక్రోలని నడపదు. వర్డ్‌లో క్లిష్టమైన పేజీ లేఅవుట్ ఉంటే డాక్స్‌లో కాస్త అటూ ఇటూ అవుతుంది, అది కూడా నిజమే. ఉత్తరం, రెజ్యూమె, నెలవారీ లెక్కల పట్టిక, స్కూల్ ప్రాజెక్టు, ఇలాంటి పనులకి నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఇక్కడే "ల్యాప్‌టాపే కాదు" అన్న మాట కూడా తీస్కుందాం. విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్, అంటే ఈఎక్స్ఈ ఫైల్, దీంట్లో నడవదు, ఇది గీత గీసినంత స్పష్టంగా చెప్తున్నా. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, ఆటోకాడ్ పూర్తి వెర్షన్, భారీ గేములు, సీరియస్ వీడియో ఎడిటింగ్, వీటిలో ఏ ఒక్కటి మీ బతుకుతెరువులో ఉన్నా దీని జోలికి రాకండి. కానీ బొమ్మ అనడం అన్యాయం. 2018లో లైనక్స్ (విండోస్ లాంటి ఇంకో ఉచిత సిస్టమ్) వాతావరణం వస్తుందని ప్రకటించారు, ఇప్పుడు సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేస్తే లోపల డెబియన్ అనే లైనక్స్ రకం నడుస్తుంది, దాంట్లో లిబ్రే ఆఫీస్, ఫోటోలు దిద్దే జింప్, ప్రోగ్రామింగ్ భాష పైథాన్ అన్నీ పెట్టుకోవచ్చు. ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకి ఇది చాలు, కాకపోతే 4 జీబీ ర్యామ్‌లో ఇది ఈడుస్తుంది, 8 ఉంటేనే హాయి.

ఇక ర్యామ్, స్టోరేజ్ మాట. జనం ఎక్కువ మోసపోయేది ఇక్కడే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా. "4 జీబీతో ఏ పనీ అవ్వదు" అని రాసినాయన విండోస్ అనుభవాన్ని తెచ్చి దీనిమీద పెట్టాడు. క్రోమ్ ఓఎస్ తేలికైనది, ర్యామ్‌లో ఉన్నదాన్ని కుదించి పెడుతుంది, మరీ ఇరుకైతే మీరు చాలాసేపటి నుంచి చూడని ట్యాబ్‌ని వదిలేసి మీరు దాని దగ్గరికి వెళ్ళినప్పుడు మళ్ళీ లోడ్ చేస్తుంది. కాబట్టి పది ట్యాబులు, ఒక వీడియో కాల్ దాకా 4 జీబీ లాక్కొస్తుంది. అదే 4 జీబీ, అదే 64 జీబీతో చవక విండోస్ ల్యాప్‌టాప్‌లు కూడా అమ్ముతున్నారు, విండోస్ 11కి కనీస అర్హత సరిగ్గా ఆ 4, ఆ 64, కానీ కనీస అర్హతకీ సుఖంగా నడవడానికీ మధ్య చాలా దూరం ఉంది. స్టోరేజ్‌లో పెద్ద భాగం విండోసే తినేస్తుంది, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు ఖాళీ లేదని అరుస్తుంది. మా బంధువు ఒకావిడకి సేల్స్‌మన్ ఒకాయన "ఇది అసలైన కంప్యూటర్ అమ్మా" అని అలాంటిదే అంటగట్టాడు, ఆవిడ దాన్ని ఆన్ చేసి టీ పెట్టుకుని తిరిగి వచ్చేది, ఆరు నెలలకి అటకెక్కించింది. ఆవిడకి కావాల్సింది మనవలతో వీడియో కాల్, భజనలు, మెయిల్. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. పోల్చాల్సింది ఒకే ధరలో ఉన్న రెండు మెషీన్లని, మంచి విండోస్ ల్యాప్‌టాప్‌ని చవక క్రోమ్‌బుక్‌తో పోల్చి గెలిచాం అనుకుంటే ఏం లాభం?

అలాగని 4 జీబీదే కొనమని నేను చెప్పను. ఇప్పుడు కొనేటప్పుడు 8 జీబీ దొరికితే అదే తీస్కోండి, ఎందుకంటే చాలా క్రోమ్‌బుక్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకునే దారి లేదు. ఈఎంఎంసీ అని రాసిన స్టోరేజ్ కూడా అంతే, పైగా వేగమైన స్టోరేజ్ రకమైన ఎస్ఎస్‌డీ కంటే నెమ్మది. ప్రాసెసర్ విషయంలో సెలెరాన్ ఎన్ 4020 అని కనిపిస్తే అది 2019 నాటి రెండు కోర్‌ల చిప్ అని గుర్తుపెట్టుకోండి, 2023లో వచ్చిన ఎన్ 100కి నాలుగు కోర్‌లు, రెండిటి మధ్య తేడా వాడిన మొదటి పది నిమిషాల్లోనే తెలుస్తుంది. స్క్రీన్ 1366 బై 768 ఉన్నవి పక్కన పెట్టి 1920 బై 1080 ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు మారని రకం) ఉన్నది చూడండి, రోజూ గంటలు గంటలు చూసేది మీ కళ్ళే. ఈ తలనొప్పి లేకుండా కావాలంటే క్రోమ్‌బుక్ ప్లస్ అనే పేరు చూడండి, 2023 అక్టోబర్‌లో మొదలైంది, ఆ పేరు పెట్టాలంటే కనీసం 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్, 1080 స్క్రీన్, 1080 కెమెరా ఉండాలని గూగుల్ షరతు పెట్టింది. ధర కొంచెం పైకి పోతుంది, ఐదారేళ్ళు వాడాలనుకుంటే అది దండగ కాదు.

"రెండేళ్ళకి అప్‌డేట్లు ఆగిపోతాయి." ఇదే నేను సగం నిజం అన్నది. ప్రతి క్రోమ్‌బుక్ మోడల్‌కి అప్‌డేట్లు ఆగిపోయే తేదీ ఒకటి ముందే రాసి ఉంటుంది. మొదట్లో ఆ గడువు తక్కువే, 2020లో కొత్త మోడల్స్‌కి 8 ఏళ్ళు అన్నారు, 2023 సెప్టెంబర్‌లో 10 ఏళ్ళు చేశారు, 2021 నుంచి వచ్చినవాటికి అది దానంతటదే వర్తిస్తుంది. పదేళ్ళు అంటే ఈ ధరలో చాలా పెద్ద మాట. కానీ ఆ లెక్క మొదలయ్యేది మీరు బిల్లు కట్టిన రోజు నుంచి కాదు, ఆ మోడల్ ఏ హార్డ్‌వేర్ ప్లాట్‌ఫామ్ (లోపలి బోర్డు, చిప్‌ల కూర్పు) మీద తయారైందో అది మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి. షాపు అరలో నాలుగేళ్ళు పడున్న మోడల్‌ని "కొత్తది, సీల్ కూడా తియ్యలేదు" అని డిస్కౌంట్‌లో ఇస్తే అందులో నాలుగేళ్ళు అప్పటికే అయిపోయాయి. మెసేజ్ రాసినాయన ఎవరో ఇలాగే పాత స్టాక్ కొని దెబ్బతిన్నారని నా అనుమానం, ఆ బాధ నాకు అర్థమవుతుంది, తేదీ చూస్కుని కొనండి అని ఒక్క ముక్క రాసుంటే ఎంతమందికి ఉపయోగపడేదో.

అప్‌డేట్లు వచ్చే పద్ధతి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీనిమీద ఎవరూ మాట్లాడరు. దీంట్లో సిస్టమ్ రెండు కాపీలుగా ఉంటుంది, మీరు ఒకదాంట్లో పని చేస్కుంటుంటే వెనకాల రెండోదాంట్లో కొత్త వెర్షన్ పడుతుంది, రీస్టార్ట్ చేస్తే దాంట్లోకి మారుతుంది, తేడా వస్తే పాతదానికి వెనక్కి వెళ్తుంది. ఆన్ చేసిన ప్రతిసారీ సిస్టమ్‌ని ఎవరైనా మార్చారా అని తనిఖీ చేస్కుంటుంది. అందుకని మామూలు విండోస్ వైరస్‌లు దీని దరికి రావు, అలాగని "ఏమీ కాదు" అని నమ్మించేవాళ్ళ మాటా వినకండి, దొంగ లింకు నొక్కి పాస్‌వర్డ్ కొడితే ఏ ల్యాప్‌టాప్ అయినా ఒకటే, పిచ్చి పిచ్చి ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు) పెడితే అవి బ్రౌజర్‌లో మీరు చేసేదంతా చూడగలవు.

"డేటా గూగుల్‌కి పోతుంది" అన్నదానికి సూటిగా చెప్పాలంటే, ఇది గూగుల్ మెషీన్, పూర్తిగా వాడాలంటే గూగుల్ అకౌంట్ కావాలి, మీకు అదే ఇష్టం లేకపోతే ఇది మీకోసం కాదు, ఆ అభ్యంతరాన్ని నేను గౌరవిస్తా. కానీ ఈ మెసేజ్ పంపినవాళ్ళందరి చేతిలో జీమెయిల్, ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నాయి, వాటికి లేని ప్రమాదం దీంట్లో కొత్తగా ఏం చేరిందో చెప్పాలి కదా. ఇంటికొచ్చిన వాళ్ళకి ఇవ్వాలంటే గెస్ట్ మోడ్ ఉంది, బయటికి రాగానే వాళ్ళు చేసినదంతా చెరిగిపోతుంది. ఒకే మెషీన్ ఇద్దరు వాడితే ఒకరి ఫైళ్ళు ఇంకొకరికి కనపడవు, ఎవరివి వాళ్ళకే తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి.

చివరిది, "సెకండ్ హ్యాండ్ ఐ5 కొనండి." ఇది వినడానికి బాగుంటుంది, కానీ ఏ ఐ5? ఐ5 అనే ఇంటెల్ ప్రాసెసర్ పేరు చాలా ఏళ్ళ నుంచి ఉంది, తరాలు మారుతూ వచ్చాయి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న అయిపోయింది, విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి పైనవి కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. తక్కువ ధరకి ఇచ్చేవాటిలో 6వ తరం, 7వ తరం ఐ5లు బోలెడు, అంటే అప్‌డేట్ల భయంతో క్రోమ్‌బుక్ వద్దనుకుని అప్‌డేట్లు ఆగిపోయిన మెషీన్‌నే ఇంటికి తెచ్చుకుంటున్నారన్నమాట. పైగా బ్యాటరీ అలిసిపోయి ఉంటుంది, బరువు కూడా ఎక్కువే. 8వ తరమో ఆపైదో, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, కొత్త బ్యాటరీ, వారంటీ కాగితం, ఇవన్నీ ఉన్న రీఫర్బిష్డ్ (బాగుచేసి మళ్ళీ అమ్మేది) దొరికితే మాత్రం మంచి బేరమే, ఈఎక్స్ఈ సాఫ్ట్‌వేర్ కావాల్సినవాళ్ళు అటే వెళ్ళండి.

ఇంట్లో ఇప్పటికే అలాంటి పాత మెషీన్ మూలన పడుంటే దాంట్లో క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ (పాత కంప్యూటర్ల కోసం గూగుల్ ఇచ్చే క్రోమ్ ఓఎస్) వేసి చూడండి, 2022లో వచ్చింది, ఉచితం, పెన్ డ్రైవ్‌లో నుంచే నడిపి చూస్కోవచ్చు. దాంట్లో ప్లే స్టోర్ ఉండదు గానీ బ్రౌజర్ అనుభవం అదే. రెండు వారాలు దాంతో గడిపితే ఈ రకం ల్యాప్‌టాప్ మీకు సరిపోతుందో లేదో పైసా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది. సరిపోయింది అనిపించి కొనడానికి వెళ్తే డబ్బు కట్టేముందు మోడల్ పేరు పూర్తిగా రాస్కుని గూగుల్ వాళ్ళ అప్‌డేట్ల పేజీలో దాని తేదీ చూడండి, డెమో మెషీన్ ఉంటే సెట్టింగ్స్‌లో క్రోమ్ ఓఎస్ గురించి అన్నచోట అదనపు వివరాల్లో కూడా అదే తేదీ కనిపిస్తుంది, అది ఆరేళ్ళ కంటే దగ్గర్లో ఉంటే ఆ మోడల్ వదిలేసి పక్కది అడగండి.