చిన్న గిన్నె వేరుగా పెట్టవద్దు

మా అవ్వ చేసే మామిడిపండు కేసరిలో బొంబాయి రవ్వ తీసేసి బియ్యపు రవ్వ వేసినందుకు బంధువుల చేత నేను పడినన్ని మాటలు, కట్నం వద్దని పెళ్లి చేసుకున్నప్పుడు కూడా పడలేదు. దామలచెరువు మండీ నుంచి తెచ్చిన బేనీషా పండ్లను గడ్డిలో మాగబెట్టి, రసం పిండి, నేతిలో వేయించిన రవ్వతో ఉడికించే ఆ కేసరి మా చిత్తూరు ఇంట్లో ప్రతి మే నెలలో వచ్చే చిన్న పండుగ. దాని జోలికి వెళ్లడం నాకేమీ సరదా కాదు.

రెండేళ్ల క్రితం మా పాపకు సీలియాక్ వ్యాధి ఉందని తేలింది. ఎన్ని ఐరన్ టానిక్కులు తాగించినా రక్తం పెరగకపోవడంతో మొదలై, చివరికి ఎండోస్కోపీలో చిన్నపేగు ముక్క తీసి పరీక్షించేదాకా వెళ్లింది. ఈ వ్యాధి ఉన్నవారిలో గోధుమలాంటి గింజల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ లోపలికి వెళ్లినప్పుడల్లా రోగనిరోధక వ్యవస్థ సొంత పేగు పొరనే దెబ్బతీస్తుంది. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యం జీవితాంతం మానడమే దీనికి వైద్యం. (అనుమానం ఉన్నవారు పరీక్షకు ముందే గోధుమ మానేయకండి, ఫలితం తప్పుగా రావచ్చు.) బొంబాయి రవ్వ గోధుమదేనన్న సంగతి మా ఇంట్లో సగం మందికి అప్పుడే తెలిసింది.

అప్పుడు అందరూ చెప్పిన ఉపాయం ఒక్కటే: మామూలు కేసరి అందరికీ, పాపకు చిన్న గిన్నెలో వేరుగా. వినడానికి దయగానే ఉంటుంది. అయితే ఒకే గరిటె రెండు గిన్నెల్లోనూ తిరుగుతుంది, వడ్డించే పిన్నికి ఏది ఏదో గుర్తుండదు, పైగా తొమ్మిదేళ్ల పిల్ల పంక్తిలో కూర్చుని తన గిన్నె వైపు ఒకసారి, పక్కవారి ఆకు వైపు ఒకసారి చూస్తుంది. "కొంచెం తగిలితే ఏమవుతుంది" అనేవారికి ఒక లెక్క చెబుతాను. మన దేశ నిబంధనల ప్రకారం గ్లూటెన్ లేనిదని అమ్మే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. ఒక్క గ్రాము గోధుమపిండిలోనే సుమారు 80 మిల్లీగ్రాములు ఉంటుంది. అందుకే ఆ రోజు మా ఇంట్లో అందరికీ ఒకే కేసరి ఉండాలని పట్టుబట్టాను.

మొదటిసారి ఘోరంగా చెడింది. అవ్వ పద్ధతిలోనే నీళ్లు, పండు రసం, చక్కెర కలిపి మరిగించి రవ్వ పోశాను. బొంబాయి రవ్వ ఆ మొండితనాన్ని భరిస్తుంది కానీ బియ్యపు రవ్వ భరించదు. చక్కెర నీటిని తనవైపు లాగేసుకోవడంతో గింజ ఉడకక పంటి కింద ఇసుకలా కరకరలాడింది. రెండోసారి రవ్వను నేతిలో వేయించి, గ్లాసుకు మూడు గ్లాసుల మరిగే నీళ్లు పోసి, సన్నని సెగ మీద మూతపెట్టి, వేలితో నలిపితే మెత్తగా నలిగేవరకూ ఉడికించిన తరువాతే చక్కెర, ఆ తరువాత రసం కలిపాను. వేయించి పొడి చేసిన సగ్గుబియ్యం రెండు చెంచాలు వేస్తే, గోధుమ రవ్వ ఇచ్చే ఆ జిగురు కూడా కొంత వచ్చింది. బేనీషాతో పాటు ఒక తోతాపురి పండు రసం కలపడం మాత్రం నా సొంత తెలివి. ఆ పులుపు లేకపోతే బియ్యపు రవ్వ చప్పగా తోస్తుంది.

రవ్వ కోసం వీధి చివరి పిండిమరకు మాత్రం వెళ్లకండి. మనకు ముందు ఎవరో గోధుమలు పట్టించుకుని వెళ్లి ఉంటారు, ఆ పిండి రాళ్ల మధ్య మిగిలే ఉంటుంది. బియ్యం కడిగి, నీడలో ఆరబెట్టుకుంటే, ఇంట్లో మిక్సీలో బరకగా తిప్పుకోవడం పావుగంట పని. గ్లూటెన్ లేదని రాసిన ఖరీదైన పొట్లం కొనడానికి ముందు, గ్లూటెన్ ఊసే లేని రాగిసంగటి తిని పెరిగిన సీమ ఇది అని ఒకసారి గుర్తు చేసుకుంటే చాలు.

ఈ ఏడు పాప అందరితో పాటు అదే గిన్నెలోది రెండుసార్లు అడిగి వేయించుకుంది. అవ్వ రుచి చూసి, గరిటె గిన్నె అంచున తట్టి, "బాగుండాది నాయనా, కానీ రేపటికి రాయైపోతాది సూడు" అన్నది. మరునాడు నిజంగానే బిగుసుకుపోయింది. చల్లారిన బియ్యం గుణమే అది. రెండు చెంచాల పాలు చల్లి ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టిస్తే మెత్తబడుతోంది గానీ, మొదటి రోజు మెరుపు ఇంకా రావడం లేదు.