బెంగళూరు పీణ్యలోని షెడ్డులో పుట్టిన ట్రాలీ హుక్కు గారికి

మహారాజశ్రీ హుక్కు గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

వరికోత మిషను ముందుండే 14 అడుగుల కట్టర్ బారును పికప్పు వెనక తగిలించుకుని బెంగళూరు నుంచి హిందూపురం దాకా లాక్కెళ్లడానికే మీరు పుట్టారట. 14 అడుగులంటే 4.2 మీటర్ల పైమాట. చట్టం మామూలు బండి వెడల్పును 2.6 మీటర్ల దగ్గరే ఆపేస్తుంది. అందుకే బారును విప్పి, ట్రాలీ మీద పొడవుగా పడుకోబెట్టి తీసుకెళ్తారు. "విప్పడమెందుకన్నా, అడ్డంగానే లాగేద్దాం, రాత్రిపూట చూసేదెవరు?" అన్నారు మీ యజమాని. మేస్త్రీ ఒప్పుకోలేదు. చట్టానికి భయపడి కాదు, బారు అడ్డంగా షెడ్డు గేటు దాటదని.

మీకు డ్రాయింగు లేదు. నేల మీద సుద్దముక్కతో గీసిన గీతే మీ జాతకం. మీ ధర కిలో లెక్కన కట్టారు కాబట్టి మందం పెరిగితే యజమానికి నష్టం, మేస్త్రీకి లాభం. ఎంత బరువు లాగాలన్న సంగతి ఆ బేరంలోకి రానేలేదు. మీ తలమీది గుండు, అదే బాల్, 50 మిల్లీమీటర్లది, దాని మీద బోర్లించే ట్రాలీ కప్లరేమో రెండంగుళాలది, అంటే 50.8. ఆ లొడలొడకు గ్రీజు పూశారు. తల మీద 8.8 అని ఉండే గట్టి బోల్టులు వాడమంటే "అన్నీ ఇనుమే కదా సార్" అన్నారు. చివరికి బోల్టులే లేకుండా మిమ్మల్ని చాసీకి వెల్డింగ్ కొట్టేశారు. ఆ వేడికి చాసీ ఉక్కు బలం తగ్గుతుందన్నవాణ్ణి అందరూ జాలిగా చూశారు. పసుపు, నలుపు పట్టీల పెయింటు మాత్రం అద్భుతం. రెండు పూతలు వేశారు.

అసలు వైభవం ట్రాలీ తగిలించేటప్పుడు చూడాలి. ఇరుసును సరిగ్గా నడిమధ్యన పెట్టారు కాబట్టి బరువు రెండు వైపులా తక్కెడలా తూగింది. క్లీనరు కుర్రాడు ట్రాలీ మూతిని ఒంటిచేత్తో లేపి మీకు తగిలించేసరికి షెడ్డంతా చప్పట్లు! అలా లేవకూడదు మహాప్రభో. ట్రాలీ మొత్తం బరువులో పదోవంతు నుంచి ఏడోవంతు దాకా మీ నెత్తిన పడాలి. టన్నున్నర ట్రాలీ అయితే కనీసం 150 కిలోలు. ఆ బరువు పడకపోతే వేగం అందుకోగానే ట్రాలీ కుడికీ ఎడమకీ ఊగుతూ పికప్పు వెనక భాగాన్ని కూడా తనతో ఊపుతుంది. మరీ ఎక్కువ పడితే పికప్పు వెనక స్ప్రింగు పట్టీలు కుంగి, ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. ఇరుసును కాస్త వెనక్కి జరిపితే సరిపోయేది. కానీ అప్పటికే పెయింటు ఆరిపోయింది.

మీరు ఊడినా ట్రాలీ మూతి రోడ్డులో దిగబడకుండా కింద రెండు గొలుసులు కత్తెర వేసి కట్టాలి. మీ యజమాని వాటికి డబ్బు దండగన్నారు. వాటి బదులు నిమ్మకాయ, ఏడు మిరపకాయలు వేలాడదీశారు. రేపు మీరు విరిగితే "హుక్కు మోసం చేసింది" అనేదీ ఆయనే.

దొడ్డబళ్లాపురం దాటాక గుంతలుంటాయి, చూసుకోండి. పోనీ, గౌరిబిదనూరు వచ్చేదాకా ఓర్చుకోండి. అక్కడ నేను పక్కదారి పడతాను.

ఇట్లు,
ఓవర్‌టేక్ చేసే సందు దొరక్క మీ వెనకే బైకు మీద వస్తున్నవాడు