థైరాయిడ్ దారికొస్తే బీపీ దానంతటదే దిగదా?

వాదన కోసం అనుకున్న కేసు ఇది. కనిగిరి దగ్గర పల్లెలో 58 ఏళ్ల ఆవిడ, బరువు 62 కిలోలు. ఆస్పత్రిలో చూస్తే బీపీ 152/102, నాడి నిమిషానికి 56. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ చాలకపోతే పెరిగే హార్మోన్) 46, ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) తక్కువ. సోడియం 133, కొంచెం తక్కువ. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3, కొలెస్ట్రాల్ 268, రెండూ ఎక్కువ. మోకాళ్ల నొప్పులకు వారంలో నాలుగైదు రోజులు డైక్లోఫెనాక్ వేసుకుంటుంది. గుండె జబ్బు లేదు. థైరాయిడ్ మాత్ర ఒక్కటే ఇచ్చి చూడాలంటాడు ఒంగోల్లో మందుల షాపు నడిపే బాబాయి. ఫిజీషియన్‌గా చేస్తున్న అన్న కూతురు కుదరదంటుంది.

బాబాయి: అమ్మాయ్, ఆ 102 వైపు చూడు. పైన అంకె కొంచెమే పెరిగింది, కింది అంకె బాగా పెరిగింది. థైరాయిడ్ తగ్గినోళ్ల బీపీ తరచూ ఇట్టాగే ఉంటుంది. ఆ హార్మోన్ చాలినంత ఉంటే సన్న రక్తనాళాలు వదులుగా ఉంటాయి, చాలకపోతే బిగుసుకుంటాయి. గుండె కూడా నెమ్మదిస్తుంది, అందుకే నాడి 56. మూలం అక్కడుంటే ఇంకో మాత్ర ఎందుకంట? థైరాయిడ్ సర్దుకుంటే కొందరికి బీపీ మామూలుకొస్తుంది. కొలెస్ట్రాలూ తగ్గుతుంది, క్రియాటినినూ తగ్గుతుంది.

అమ్మాయి: కారణం సరిగ్గానే చెప్పారు బాబాయ్. కానీ "కొందరికి" అన్నారే, నా పేచీ అంతా ఆ మాట దగ్గరే. ఆ కొందరిలో ఈవిడ ఉందో లేదో ముందే చెప్పే పరీక్ష లేదు. ఈ వయసుకు మామూలుగా వచ్చే బీపీ కూడా విడిగా వచ్చి ఉండొచ్చు. ఇక రోజుల లెక్క చూడండి. థైరాయిడ్ మాత్ర పూర్తి డోసు కిలోకు 1.6 మైక్రోగ్రాముల చొప్పున ఈవిడకు దాదాపు 100. ఈ వయసులో, ఇంత బీపీతో మొదటిరోజే 100 ఇస్తే గుండె మీద భారం ఒక్కసారిగా పడుతుంది. 25తో మొదలుపెట్టి ఆరు వారాలకోసారి 25 పెంచితే 100 చేరేసరికే నాలుగు నెలలు దాటుతుంది. ఆ 100 కుదిరిందో లేదో తేలడానికి ఇంకో ఆరు వారాలు. అన్నాళ్లు 102ను అట్టా వదిలేద్దామా?

బాబాయి: ఈసీజీ బాగుంటే 50తో మొదలుపెట్టొచ్చుగా?

అమ్మాయి: పెట్టొచ్చు. అయినా మూడు నాలుగు నెలలు ఖాయం.

బాబాయి: సరే, మరి ఏ బీపీ మాత్ర ఇస్తావో చెప్పు. అటెనొలాల్ ఇస్తే 56 ఉన్న నాడి ఇంకా పడిపోతుంది, ముందే నీరసంగా ఉన్న మనిషి మంచం దిగదు. హైడ్రోక్లోరోథయజైడ్ అనే నీటి మాత్ర (ఉప్పునూ నీటినీ మూత్రంలో పోగొట్టేది) ఇస్తే 133 ఉన్న సోడియం ఇంకా దిగుతుంది. రోహిణి కార్తె ఎండల్లో చెమటలు కారేటప్పుడైతే తల తిరుగుడు, తికమక, వాంతులు. ఆమ్లోడిపిన్ ఇస్తే కాళ్లు వాస్తాయి. అది మాత్ర వాపో థైరాయిడ్ వాపో తెలీక ఇంకో నీటి మాత్ర రాస్తారు. నేను వద్దనేది మందంటే భయంతో కాదమ్మా, ఒక మాత్రకు ఇంకో మాత్ర తోడవుతూ పోతుందని.

అమ్మాయి: మూడింటికీ మీరు చెప్పింది నిజం. అందుకే ఈవిడకు అటెనొలాల్ వద్దు, థయజైడ్ వద్దు. ఆమ్లోడిపిన్ వాపును గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. ముంగాలి ఎముక మీద బొటనవేలితో కొన్ని సెకన్లు గట్టిగా నొక్కి తీయాలి. గుంట అట్టాగే ఉండి, సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు ఎక్కువైతే మాత్ర మీద అనుమానం. గుంట పడకుండా చర్మం మందంగా, పొడిగా ఉండి మొహం కూడా ఉబ్బితే థైరాయిడ్ మీద. నేనైతే టెల్మిసార్టాన్ 40 ఎంచుకుంటా. మొదలుపెట్టే ముందోసారి, రెండు వారాలయ్యాక ఇంకోసారి క్రియాటినిన్, పొటాషియం చూస్తా. గర్భం రాగల వయసు ఆడవాళ్లకైతే ఇది ఇవ్వను. కానీ దానికంటే ముందు ఆపాల్సింది ఒకటుంది, డైక్లోఫెనాక్.

బాబాయి: కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. కీళ్లు పట్టేసి మనుషులు నడవలేకపోతుంటే నొప్పి మాత్ర లేకుండా ఎట్టా?

అమ్మాయి: నొప్పి అబద్ధమని నేననడం లేదు. కానీ ఆ మాత్ర మూత్రపిండానికి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది, ఉప్పునూ నీటినీ ఒంట్లో ఆపుతుంది, బీపీ పెంచుతుంది. టెల్మిసార్టాన్ వేసుకునే మనిషి దానికి తోడు నొప్పి మాత్ర, నీటి మాత్ర కూడా మింగితే మూత్రపిండం మీద మూడువైపులా దెబ్బ. 1.3 ఉన్న క్రియాటినిన్ ఎండాకాలంలో ఒక్క విరేచనాల జబ్బుతో ఎగబాకుతుంది. మోకాలికి పైపూత జెల్, అవసరమైన రోజు పారాసెటమాల్ 650 రోజుకు మూడుకు మించకుండా, తాగడానికి ఫ్లోరైడ్ లేని నీళ్లు. చీటీ లేకుండా డైక్లోఫెనాక్ స్ట్రిప్ అడిగితే "బీపీ ఉందా?" అని అడగాల్సింది ముందు మీరే బాబాయ్. జలుబు మాత్రల్లో బీపీ పెంచే ఫినైలెఫ్రిన్ ఉన్నవాటికీ అదే ప్రశ్న.

బాబాయి: అడుగుతా. ఆ మాత్ర ఆపితేనే బీపీ కొంత దిగొచ్చని నువ్వే ఒప్పుకున్నట్టయింది. ఆస్పత్రిలో ఒక్కసారి చూసిన 152/102 పట్టుకుని మందు మొదలుపెట్టడం ఇంకా తప్పు. ఆటో దిగి మెట్లెక్కొచ్చి, కాళ్లు వేలాడేసుకుని బల్ల మీద కూర్చున్న మనిషి బీపీ అది.

అమ్మాయి: ఇది ఒప్పుకుంటా. ఏడు రోజులు ఇంట్లో కొలవాలి, పొద్దున మాత్రలకు ముందు, రాత్రి అన్నానికి ముందు. అరగంట ముందు నుంచీ కాఫీ, పొగాకు ఉండకూడదు. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేలకు ఆనించి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి. పట్టీ చీర జాకెట్టు మీద కట్టకూడదు, లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఉత్తినే ఎక్కువ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు తీసి రెండూ రాయాలి. మొదటిరోజు అంకెలు వదిలేసి మిగతా ఆరు రోజులకు సగటు కట్టాలి. 135/85 దాటితే మాత్ర మొదలు. ఈ వారం ఆగడానికి నాకేం అభ్యంతరం లేదు. ఆర్నెల్లు ఆగడానికే అభ్యంతరం. మధ్యలో 180/120 దాటి ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు, చూపు మసక ఏదొచ్చినా సగటు కోసం చూడొద్దు, 108కి ఫోన్ చెయ్యాలి.

బాబాయి: థైరాయిడ్ మాత్ర సరిగ్గా వేసుకుంటే ఆర్నెల్లు పట్టదు. జనం చేసే తప్పు యాడుందో నేను చెప్తా విను. మంచినీళ్లతో మాత్ర మింగుతారు, అయిదు నిమిషాల్లో ఫిల్టర్ కాఫీ. కాఫీ పేగులో మందును లోపలికి పోనివ్వదు. అరగంట తప్పనిసరి, గంటైతే మేలు. కాల్షియం, ఐరన్, గ్యాస్ మందులకు నాలుగు గంటల ఎడం. కాఫీ మానలేని మనిషి రాత్రి అన్నం తిన్న మూడు గంటలకు వేసుకోవచ్చు, రోజూ అదే వేళకు. ఇక మాత్రల సీసా. రేకుల ఇంట్లో కిటికీ పక్కన పెడితే ఎండకు మందు బలం తగ్గుతుంది. మూత బిగించి, నీడలో, తడి తగలని చోట ఉంచాలి. రక్తపరీక్ష రోజు రక్తం ఇచ్చాకే మాత్ర. జుట్టు కోసం బయోటిన్ వేసుకునేవాళ్లు రెండు రోజుల ముందే ఆపాలి, లేకపోతే రిపోర్టు తప్పు చూపిస్తుంది. ఇవేవీ చూడకుండా డోసు పెంచుతారు. కొందరు బరువు తగ్గుతామని వాళ్లంతట వాళ్లే పెంచేసుకుంటారు.

అమ్మాయి: అదే ప్రమాదం. టీఎస్‌హెచ్ 0.1 కంటే కిందకి పోతే నాడి పరిగెడుతుంది, ఈసారి పైన అంకె పెరుగుతుంది, గుండె లయ తప్పొచ్చు, ఎముకలు పలచబడతాయి. తక్కువైనా ఎక్కువైనా బీపీకి చేటే.

బాబాయి: ఉప్పు సంగతేంది మరి? థైరాయిడ్‌కు అయోడిన్ కావాలంటారు, అయోడిన్ ఉండేది ఉప్పులో. ఉప్పు తగ్గించమంటే అయోడిన్ తగ్గదా?

అమ్మాయి: తగ్గినా లోటు రాదు. రోజుకు 5 గ్రాములు, అంటే చెంచాడు. చేతికందేసరికి ఉప్పులో కనీసం 15 పీపీఎం (కిలోకు 15 మిల్లీగ్రాములు) అయోడిన్ ఉండాలని నిబంధన. ఆ లెక్కన 75 మైక్రోగ్రాములు, పెద్దవాళ్లకు కావాల్సిన 150లో సగం. మిగతాది చేపలు, పాలు, గుడ్లు ఇస్తాయి. ఈవిడ వయసులో థైరాయిడ్ తగ్గడానికి ఎక్కువగా కారణం సొంత రోగనిరోధక శక్తే గ్రంథి మీద తిరగబడటం. అయోడిన్ ఎక్కువ తిన్నా గ్రంథి తిరిగి రాదు. ఇస్కపల్లి కల్లుప్పు కూరలో వేస్తే అయోడిన్ ఉండకపోవచ్చు గానీ సోడియం ఒకటే. మన దగ్గర చెంచా లెక్క తప్పేది కూరలో కాదు, ఆవకాయ ఊటలో, కొత్తపట్నం ఎండు చేపల్లో. ఎండు చేప వండే రోజు కూరలో ఉప్పు వెయ్యకూడదు, పచ్చడి ముట్టకూడదు. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు మాత్రం ఈవిడకు అమ్మొద్దు, టెల్మిసార్టాన్‌తో పొటాషియం పెరుగుతుంది.

బాబాయి: అన్నీ సరే. థైరాయిడ్ కుదిరాక కూడా ఆ బీపీ మాత్ర కొనసాగుతూనే ఉంటుంది, అదీ నా బాధ. మొదలుపెట్టేవాళ్లే గానీ ఆపేవాళ్లు కనపడరు.

అమ్మాయి: అయితే ఆపే షరతు మొదటిరోజే చీటీ మీద రాస్తా. టీఎస్‌హెచ్ 0.4కీ 4కీ మధ్య రెండుసార్లు రావాలి, ఇంటి సగటు 120/75 దగ్గర నిలవాలి. లేదూ, లేచి నిలబడితే తల తిరుగుతోందంటే ఇంకా ముందే చూడాలి. అప్పుడు 40ని 20 చేస్తా, మూడు వారాలయ్యాక మళ్లీ ఏడు రోజుల కొలత.

బాబాయి: 20 మీద కూడా సగటు 130/80 లోపే ఉంటే?

అమ్మాయి: అది కూడా ఆపుతా. కానీ మూడు నెలల దాకా వారానికి రెండు రోజులు కొలిచి తేవాలి, ఆ కాగితం మీ షాపులోనే చూపించమంటా. 135/85 దాటిన వారం మీరే నాకు ఫోన్ చెయ్యండి.