నోట్స్ రాసుకోవడానికి పది నిమిషాలు

మానసిక ఆరోగ్య సంస్థల్లో సిబ్బంది ఎందుకు నిలవట్లేదన్న ఓ వ్యాసం చదివాను. అది తప్పంతా బర్నౌట్ మీదకు, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం మీదకు నెట్టేసింది. డీఅడిక్షన్ సెంటర్లో నాలుగేళ్లు కౌన్సెలర్‌గా చేశాను. ఉద్యోగం మానింది పేషెంట్ల బాధలు వినలేక కాదండీ. సెషన్‌కీ సెషన్‌కీ మధ్య నోట్స్ రాసుకోవడానికి పది నిమిషాలు అడిగితే, మా డైరెక్టర్ గారు అందరి ముందూ ‘ముందు నీకే కౌన్సెలింగ్ కావాలేమో’ అని నవ్వారు. ఆయన కూడా సైకాలజిస్టే! ఆ రోజు నుంచి మీటింగుల్లో ఎవరూ నోరు విప్పలేదు.

కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే అనే పెద్ద వైద్య సంస్థలోని థెరపిస్టులు 2022లో పది వారాలు సమ్మె చేసిందీ ఇలాంటి వాటి మీదే: అపాయింట్‌మెంట్ల మధ్య కాస్త టైమ్, వారాల తరబడి వెయిటింగ్‌లో పడిపోతున్న పేషెంట్లు. వాళ్లకు యూనియన్ ఉంది. మాకున్నది వాట్సాప్ గ్రూపు, అందులోనూ హెచ్ఆర్ మేడమ్ ఉండేవారు.